ఇంట్లో గిటార్ సాధనకు తక్కువ ధరలో చిన్న ట్యూబ్ యాంప్: ఏది తీసుకోవాలి?

రుషికుల్య (బరంపురం):
అందరికీ నమస్కారం. నేను బరంపురంలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాను. గోడ అవతల ఇంటి యజమాని, కింది వాటాలో చంటిబిడ్డ ఉన్న కుటుంబం. ఇన్నాళ్లూ ఫోన్ యాప్‌తో, ఇయర్‌ఫోన్లతో సరిపెట్టుకున్నాను గానీ, తీగను మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కాస్త గరగరగా పలికే ట్యూబ్ (గాజు వాల్వు) యాంపు స్వభావం వాటిలో చేతికి తగలడం లేదు. సెకండ్‌హ్యాండ్ అయినా సరే, 25,000 రూపాయల లోపు ఏది తీసుకోవచ్చు? 1 వాటు చాలునా, 5 వాట్లు కావాలా? 8 అంగుళాల స్పీకరు మరీ చిన్నదవుతుందా? రాత్రిపూట హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలు తప్పనిసరి. ట్యూబు పోతే మన వైపు దొరుకుతుందా?

నాగావళి (రాయగడ):
వాట్ల సంగతి నన్నడగండి, దానివల్లనే మా వీధిలో నాకు పేరు పోయింది. ఒక్క ఈఎల్84 పవర్ ట్యూబుతో (స్పీకరును నడిపే ట్యూబుతో) పనిచేసే యాంపును 5 వాట్లే కదా అని తెచ్చుకుంటే, వాల్యూమ్ నాబు మూడు దాటకముందే పక్కింటి పెద్దాయన గేటు దగ్గరికి వచ్చేవారు. గిటార్ స్పీకరు ఒక్క వాటుకే మీటరు దూరంలో 95 డెసిబెల్‌కు అటూఇటూగా పలుకుతుంది. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. శక్తి పదింతలైతే గానీ చెవికి మోత రెట్టింపైనట్టు తోచదు కాబట్టి, 50 వాట్ల యాంపు మోతలో 5 వాట్లది సగం ఉంటుంది, పదోవంతు కాదు. 5 నుంచి 1 వాటుకు దిగినా తగ్గేది 7 డెసిబెల్ మాత్రమే. బుగేరా వీ5లో 5, 1, 0.1 వాట్లకు మార్చే స్విచ్చు ఉంది. వాక్స్ ఏసీ4టీవీలో 4, 1, పావు వాటు ఉన్నాయి. ఆ స్విచ్చు లేని 5 వాట్ల యాంపు అద్దె ఇంటికి పనికిరాదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
వాట్లకన్నా ముందు వోల్టుల సంగతి చూసుకోండి. సాయంత్రం మోటార్లు వేసే వేళకు 230 ఉండవలసిన చోట మా ఇంట్లో 170 చూశాను. అప్పుడు ట్యూబును లోపలి నుంచి వేడిచేసే హీటరుకు 6.3 వోల్టులు అందవలసిన చోట 4.7 కూడా అందదు, శబ్దం నీరసంగా, మసకగా వస్తుంది. చిన్న యాంపుకు చిన్న స్టెబిలైజరే చాలు గనుక ఆ ఖర్చును బడ్జెట్‌లో ముందే వేసుకోండి. 2018లో తిత్లీ తుపాను తరువాత కరెంటు లేని రాత్రులలో చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద వాయిస్తే, స్పీకరులో తేనెతుట్టె కదిలినట్టు రొద వచ్చేది. సైన్ వేవ్ ఇన్వర్టరు పెట్టాక అది పోయింది.

ఇక ధర మాటకు వస్తే, నేను యాంపు కొననే లేదు. మా తాతగారి వాల్వు రేడియో వెనుక గ్రామఫోను కోసం పికప్ సాకెట్టు ఉంటుంది. గిటారును ముందు, పలుకుకు గరగర చేర్చే ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్‌లోకి, అక్కడి నుంచి ఆ సాకెట్టులోకి పంపించాను. క్రిస్మస్ ముందు చర్చి పాటల సాధన అంతా దాని మీదే జరిగింది. అటక మీద పాత రేడియో ఉన్నవారెవరూ దుకాణం గడప తొక్కనక్కరలేదు.

టంకం (జయపురం):
పై సందేశంలోని చివరి వాక్యాన్ని దయచేసి ఎవరూ ఆచరించకండి. జయపురం నుంచి నవరంగపురం దాకా వాల్వు సెట్టు ఏది మూలబడినా ఒకప్పుడు నా బల్ల మీదికే వచ్చేది కాబట్టి, ఈ విషయంలో నా మాటకు కొంత బరువు ఉందనుకుంటున్నాను. రేడియో వెనుక అట్ట తీసి వాల్వుల మీది మొదటి అక్షరం చూడండి. అది ‘ఈ’ అయితే హీటరు 6.3 వోల్టులది, సాధారణంగా లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. అది ‘యూ’ అయితే, అంటే యూఎల్84, యూవై85 వంటివి కనిపిస్తే, హీటర్లన్నీ 100 మిల్లీ ఆంపియర్ల మీద వరుసగా కలిపిన ఏసీ-డీసీ సెట్టు అది. అందులో ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా మెయిన్స్ తీగకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఫేజు ఛాసిస్ మీదికి, అక్కడి నుంచి జాక్ గుండా గిటారు తీగల మీదికి, వాటి నుంచి మీ వేళ్ల మీదికి వస్తుంది. చెక్కపెట్టెలో ప్లాస్టిక్ నాబులతో ఉన్నంతసేపు ఆ సెట్టు ఎవరినీ ఏమీ చేయదు, గిటారు తగిలించిన మరుక్షణం ప్రాణం తీయగలదు. అమెరికాలో 1950, 60లలో అమ్మిన అతి చవక గిటార్ యాంపులలో కూడా కొన్ని ఇలాగే ట్రాన్స్‌ఫార్మరు లేనివి. 50సీ5, 35డబ్ల్యూ4 ట్యూబులు కనిపిస్తే వాటిని, మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ముట్టవద్దు.

మహేంద్రతనయ:
టంకం గారూ, నా రేడియోను చూడకుండానే నన్ను హంతకుణ్ణి చేసేశారు. నాది ఈఎల్84, ఈఏబీసీ80 ఉన్న సెట్టు. ట్రాన్స్‌ఫార్మరు అరచేతి మందాన కళ్లకు కనిపిస్తూనే ఉంది.

టంకం:
మంచిది. అయితే ఈఎల్84 గ్రిడ్డుకు (వాల్వులో కరెంటును అదుపుచేసే తీగవలకు) ముందున్న కప్లింగ్ కెపాసిటరును మార్చారా? అప్పటి కాగితం కెపాసిటర్లు లీకవుతాయి. లీకయితే గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజీ చేరి, వాల్వులో కరెంటు హద్దు మీరుతుంది. లోపలి బూడిదరంగు ప్లేటు మొదట ఒక మూల మందకొడిగా, తరువాత అంతా ఎర్రబడుతుంది. అది చూస్తూ పాట పూర్తిచేస్తే వాల్వుతోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా పోతుంది. ఎర్తు లేని రెండు తీగల కార్డు అలాగే ఉందా? ఇంకొక సంగతి, ట్రాన్స్‌ఫార్మరు కనిపించినంత మాత్రాన సరిపోదు. ఆటో ట్రాన్స్‌ఫార్మరు అయితే అది మెయిన్స్ నుంచి వేరుచేయదు.

మహేంద్రతనయ:
కెపాసిటర్లన్నీ మార్పించాను, మూడు పిన్నుల ఎర్తు కార్డు కూడా వేయించాను. మా ఊళ్లోనూ పనివారు ఉన్నారు, మీ బల్ల దాకా రానక్కరలేకపోయింది.

టంకం:
ఆ మాటలు మీ మొదటి సందేశంలో ఉండి ఉంటే నేను ఇంత రాయవలసిన పని లేదు. ‘అటక మీద రేడియో ఉన్నవారెవరూ’ అని మీరు రాసినది చదివి పదో తరగతి పిల్లవాడు స్క్రూడ్రైవరు పట్టుకుంటే ఎవరు జవాబు చెప్పాలి? స్విచ్చు కట్టాక కూడా ఫిల్టరు కెపాసిటర్లలో 300 వోల్టుల వరకు నిలిచి ఉంటుంది.

కొలాబ్ (కోరాపుట్):
పాపం, అడిగినవారు బరంపురంలో యాంపు కొనుక్కోవాలనుకుంటే మీరిద్దరూ ఆయనకు రేడియో రిపేరు నేర్పుతున్నారు. ట్యూబుల మోజు మానుకుని బాస్ కంపెనీ వారి కటానా 50 యాంపు తీసుకోమని నా సలహా. దాని రెండో తరమైన మార్క్ 2లో 0.5, 25, 50 వాట్లకు మార్చే స్విచ్చు, హెడ్‌ఫోన్ సాకెట్టు, 12 అంగుళాల స్పీకరు ఉన్నాయి; ట్యూబు ఒక్కటీ లేదు, మార్చవలసిందీ లేదు. కళ్లకు గంతలు కట్టి వినిపిస్తే ఇక్కడున్నవారిలో ఎంతమంది తేడా చెప్పగలరో చూడాలని ఉంది.

నాగావళి:
వినేవాడికి తేడా తెలియకపోవచ్చు, వాయించేవాడికి తెలుస్తుంది. పవర్ ట్యూబు నిండా పనిచేస్తున్నప్పుడు తీగ మీద వేలి బరువుకు యాంపు లొంగే తీరు వేరు. అయితే ట్యూబు పేరు చెప్పి అమ్మేవన్నీ ఒకటి కావన్నది ఒప్పుకుంటాను. ఆరెంజ్ మైక్రో టెర్రర్‌లో 12ఏఎక్స్7 ఒక్కటే ఉంది, అదీ ప్రీయాంపులో (గిటారు సంకేతాన్ని మొదట పెంచే భాగంలో). 20 వాట్ల పవర్ భాగమంతా ట్రాన్సిస్టరుదే. చెడ్డదని అనడం లేదు, కానీ పవర్ ట్యూబు పలుకు కోసం వెతికేవారికి అది జవాబు కాదు. కొన్నిటిలో ట్యూబు వెనుక నారింజరంగు ఎల్‌ఈడీ పెట్టి జాలీలోంచి చూపిస్తారు, ఆ వెలుగుకు డబ్బు ఇవ్వకండి.

కొలాబ్:
వేలి బరువుకు యాంపు లొంగాలంటే దాన్ని గట్టిగా తెరవాలి. గట్టిగా తెరిస్తే మీ పక్కింటాయన గేటు దగ్గరికి వస్తారని మీరే రాశారు. ఇందులో ఏది నిజమో తేల్చి చెప్పండి.

నాగావళి:
రెండూ నిజమే. 0.1 వాటు స్విచ్చు ఉన్నది అందుకే.

రుషికుల్య:
పెద్దలందరికీ ధన్యవాదాలు. మా ఇంట్లో పాత రేడియో లేదు, కనుక ఆ భయం అక్కరలేదు. హెడ్‌ఫోన్ గురించి, స్పీకరు గురించి ఎవరైనా చెబితే మేలు. నేను వాటినీ అడిగాను.

వంశధార (గుణుపురం):
హెడ్‌ఫోన్ అవసరమే ముఖ్యమైతే బ్లాక్‌స్టార్ హెచ్‌టీ-1 చూడండి. ప్రీయాంపుకు ఒక ఈసీసీ83, పవర్ భాగానికి ఒక ఈసీసీ82 వాడిన 1 వాటు యాంపు అది. హెడ్‌ఫోన్‌కు, రికార్డింగుకు కలిపి ఒక సాకెట్టు ఉంది. మార్షల్ డీఎస్ఎల్1లో కూడా ఇవే రకం ట్యూబులు, అందులో 0.1 వాటుకు తగ్గించే వీలుంది. ఏ యాంపుకైనా స్పీకరు సాకెట్టులో మాత్రం హెడ్‌ఫోన్ పెట్టకండి. ట్యూబ్ యాంపును స్పీకరు తగిలించకుండా నడపనూ కూడదు; లోడు లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజీ పెరిగిపోయి చుట్టలు కాలిపోతాయి, దానిని మార్చే ఖర్చుతో ఇంకొక సెకండ్‌హ్యాండ్ యాంపు వస్తుంది.

8 అంగుళాల విషయానికి వస్తే, 1950ల చివరి నాటి ఫెండర్ చాంప్ యాంపు కూడా 5 వాట్లు, 8 అంగుళాలదే. కాబట్టి చిన్నదని చులకన చేయనక్కరలేదు. చిన్న యాంపులలో డొల్లపెట్టెలోంచి వచ్చినట్టుండే శబ్దానికి సగం కారణం స్పీకరు కాదు, దాని చుట్టూ ఉన్న చిన్న పెట్టె. నేను చాంప్ తరహా 5 వాట్ల యాంపునే విడిగా ఉన్న 12 అంగుళాల స్పీకరు పెట్టెకు కలిపి వాయిస్తాను. యాంపు మీద స్పీకరు నిరోధం 8 ఓములని ఉంటే పెట్టె కూడా 8 ఓములదే కావాలి. ఒకటి హెచ్చరిస్తాను, పెద్ద స్పీకరు అదే వాటుకు ఇంకా గట్టిగా మోగవచ్చు, మీ కింది వాటాలోని చంటిబిడ్డను తలుచుకుని నిర్ణయించుకోండి.

టంకం:
ట్యూబుల ప్రశ్న మిగిలిపోయింది. 12ఏఎక్స్7, ఈసీసీ83 ఒకటే. ఈఎల్84, 6బీక్యూ5 ఒకటే. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు వాల్వులు తయారుచేసేది, అవి పాత మెకానిక్కుల డబ్బాలలో ఇప్పటికీ అప్పుడప్పుడు తేలుతుంటాయి. కొత్తవి కావాలంటే స్లొవేకియా నుంచి వచ్చే జేజే రకాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఒకే పవర్ ట్యూబున్న యాంపుకు ఒకేలా పనిచేసేవి ఏరి జత కలిపిన ట్యూబుల సెట్టు అక్కరలేదు. సాధారణంగా వాటిలో కేథోడ్ రెసిస్టరే బయాస్ (ట్యూబులో పారే కరెంటు స్థాయి) సరిచూస్తుంది గనుక మీరే తీసి మీరే పెట్టుకోవచ్చు, చల్లారిన తరువాత.

రుషికుల్య:
విశాఖపట్నంలో ఒకరి దగ్గర హెచ్‌టీ-1 ఉంది, నా బడ్జెట్ లోపే అడుగుతున్నారు. ఈ ఆదివారం రైలెక్కి వెళ్లి చూసుకుందామనుకుంటున్నాను.

టంకం:
వెనుక పలక మీద 230 వోల్టులని ఉందో లేదో ముందు చదవండి. 120 అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. వాల్యూమ్ సున్నాలో పెట్టి హమ్ (కరెంటు గుయ్‌మనే రొద) ఉందేమో వినండి, తరువాత కాస్త పెంచి ప్రీయాంప్ ట్యూబును పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. గంట కొట్టినట్టు స్పీకరులో మోగితే ఆ ట్యూబు మార్చవలసిందే. అరగంట వాయించకుండా డబ్బు ఇవ్వకండి, వేడెక్కాక బయటపడే జబ్బులు చాలా ఉంటాయి.

మహేంద్రతనయ:
ఈ మాట మాత్రం టంకం మాస్టారు చెప్పినట్టే చేయండి. మీ గిటారు, మీ కేబులు వెంట తీసుకువెళ్లండి. అమ్మేవారి కేబులుతో వింటే గరగర యాంపుదో కేబులుదో తేలదు.

కొలాబ్:
వంశధార గారూ, మీరు చెప్పిన 12 అంగుళాల పెట్టెను గుణుపురంలోనే చేయించారా? ప్లైవుడ్ ఎంత మందానిది వాడారు, వెనుక పలక మూసి ఉంచారా, తెరిచి ఉంచారా?