లంకమలలో పరుగుదారి అడుగుదామా, వద్దా?

కడప_పరుగు

అందరికీ నమస్కారం. కడపలో మాది ఇరవై మంది ఉన్న పరుగు గుంపు. ఇన్నాళ్ళూ రింగురోడ్డు మీదే పరిగెత్తుతున్నాం. టిప్పర్ పోయిన ప్రతిసారీ సగం దుమ్ము మా ఊపిరితిత్తుల్లోకే. ఒకసారి గువ్వలచెరువు ఘాట్ ఎక్కుదామని పోయి, లారీల మధ్య బతుకుజీవుడా అని సగంలో తిరిగొచ్చాం. పేరున్న గువ్వలచెరువు పాలకోవా దాకా పోనే లేదు.

ఇప్పుడు అటవీ శాఖకు అర్జీ పెట్టాలని చూస్తున్నాం. సిద్ధవటం వైపు లంకమల అడవిలో పాత బండిదారులు ఉన్నాయి. వాటి మీదే పది, పన్నెండు కిలోమీటర్లకు గుర్తులు పెట్టి, ఆదివారాలు మమ్మల్ని పరిగెత్తుకోనివ్వమని అడుగుతాం. కొత్తగా చెట్టు కొట్టేది లేదు, సిమెంటు పోసేది లేదు. ఎండాకాలం ఏడు దాటితే మన కడపలో పరుగు కుదరదు కాబట్టి నాలుగున్నరకే హెడ్‌ల్యాంపులతో మొదలుపెడతాం. శీతాకాలంలో అయితే సాయంత్రం. అభ్యంతరాలు ఉంటే అర్జీ ఇవ్వకముందే చెప్పండి.

పెన్నాగట్టు

అన్నా, అది మామూలు రిజర్వు అడవి కాదు, అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టంలో 27, 28 సెక్షన్లు చదువు. అనుమతి లేకుండా బయటివాళ్ళు లోపల అడుగు పెట్టకూడదు. పరిశోధన, ఫొటోలు, పర్యాటకం లాంటి పనులకు అనుమతి ఇస్తారు. పర్యాటకం కింద అడగొచ్చేమో. కానీ ఎర్రచందనం ఉన్న అడవిలో, చీకట్లో, నెత్తిన లైట్లు పెట్టుకుని ఇరవై మంది పరిగెత్తుతుంటే, దుంగల దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్ళ కంటికి ఎట్లా కనిపిస్తారో ఒక్కసారి ఊహించుకో.

కడప_పరుగు

హహ. అందుకేనన్నా రంగురంగుల టీషర్టులు.

శివయ్యభక్తుడు

నాకు ఒకటే అర్థం కాదు. శివరాత్రికి నిత్యపూజకోనకు, లంకమలేశ్వరుడి దగ్గరికి వేలమంది పోతారు. మైకులు, వంటలు, ప్లాస్టిక్ గ్లాసులు, అన్నీ ఉంటాయి. అప్పుడు దెబ్బతినని అడవి ఇరవై జతల షూలకు దెబ్బతింటుందా? నేను ఏటా పోతాను, వచ్చేటప్పుడు చూస్తే చెత్త కుప్పలే. వీళ్ళు కనీసం చాక్లెట్ కాగితం కూడా జేబులో పెట్టుకుని వెనక్కి తెచ్చే రకం.

పెన్నాగట్టు

అంతమంది భక్తులు పోయేది ఏటా కొద్ది రోజులు, అదీ గుడి దారిలో. వీళ్ళు అడిగేది ఏడాది పొడుగునా, ప్రతి ఆదివారం. రెంటికీ పోలిక కుదరదు. చెత్త విషయం మాత్రం నువ్వు చెప్పింది నిజం. పండగకు పోయే మనం ముందు సిగ్గుపడాలి.

కలివికంప

ఆలస్యంగా వస్తున్నాను, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోవద్దు.

"అక్కడ ఏముందక్కా, ముళ్ళకంప తప్ప" అని మా బంధువులే అంటారు. లంకమల విలువ ఆ ముళ్ళకంపే. అక్కడి కలివికోడి అనే పిట్ట గురించి ఎక్కువమంది పేరు వరకే విని ఉంటారు. జానెడు మీద కాస్త పొడుగుంటుంది, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడి ద్వారా శాస్త్రవేత్తలకు తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే రాసుకున్నారు. 1986 జనవరిలో మన సిద్ధవటం పక్క రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే, దాన్ని పట్టింది మాత్రం ఐతన్న అనే స్థానికుడు. ఆ తర్వాతే ఇక్కడ అభయారణ్యం వచ్చింది.

ఎట్లా పట్టాడో వినండి. రాత్రిపూట టార్చిలైటు మొహం మీద కొడితే పిట్ట కదలకుండా నిలబడిపోయింది, చేత్తో పట్టుకున్నాడు. తర్వాత అది బతకలేదు. ఇప్పుడు మీ అర్జీలో నాలుగున్నరకు, హెడ్‌ల్యాంపులతో అని రాసిన వాక్యం మళ్ళీ చదవండి.

అది రాత్రి తిరిగే పిట్ట. పొద్దుగూకిన ముప్పావుగంట తర్వాత కాసేపే కూస్తుంది, ఆ కూత వినే దాని ఉనికి లెక్కేస్తారు. మీరు సాయంత్రం అన్నది కూడా సరిగ్గా ఆ వేళే. లెక్కకు ఇంకో పద్ధతి ఉంది. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, మర్నాడు వాటి మీద పడ్డ అడుగుజాడలు చూస్తారు. ఆ పట్టీల మీద రన్నింగ్ షూ ముద్రలు పడితే ఏళ్ళ తరబడి చేసిన పని మట్టిపాలే.

ఇంకోటి. ఈ పిట్టకు దట్టమైన అడవి పడదు, పూర్తి బయలూ పడదు. రేగు, కలివి, తుమ్మ పొదలు, వాటి మధ్య పరిగెత్తడానికి నున్నటి ఖాళీ నేల ఉండాలి. సరిగ్గా మీకు ఇష్టమైన నేలే. మీరు బండిదారి అంటున్నలాంటి చోటే దానికీ కావాలి.

కడప_పరుగు

అక్కా, హెడ్‌ల్యాంపు సంగతి నాకు నిజంగా తెలియదు. ఒప్పుకుంటున్నా. కానీ ఒక మాట అడుగుతా. తెలుగుగంగ కాలువ కూడా ఆ పక్కకే వచ్చింది కదా? క్వారీలు, రోడ్లు వచ్చాయి. వాటి ముందు మేమెంత? దేశానికి ఏదైనా నష్టం జరిగితే ముందు ఆపేది పరిగెత్తేవాడినేనా?

కలివికంప

కాలువను కూడా ఆపారు తమ్ముడూ. పొక్లెయిన్లు పిట్ట తిరిగే చోటికి వచ్చినప్పుడు గొడవ సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయింది, కాలువ దారే మార్చారు. "మేమెంత" అన్న మాట కాలువవాళ్ళు కూడా అని ఉంటారులే.

జీవాలోడి_కొడుకు

మీ ఇద్దరి వాదనలూ చదివా. నాకు మండుతోంది. మా నాయన నలభై ఏళ్ళు అడివి అంచున మేకలు మేపినాడు. ఇప్పుడు లోపలికి తోలితే కేసు అంటారు, మేకల్ని పట్టుకుపోతారు. కట్టెలకు మా అమ్మ పోతే అరిచి తరిమినారు. మాకు లేని దారి, వేల రూపాయల షూ వేసుకుని కారులో వచ్చేవాళ్ళకు గుర్తులు పెట్టి మరీ ఇస్తారా? ఇస్తే మా ఊళ్ళో ఊరుకోరు. మొహమాటం లేకుండా చెప్తున్నా.

కలివికంప

మీ కోపం న్యాయమైనది. దీన్లో ఇంకో తిరకాసు కూడా ఉంది, అడవి అధికారులకు చెప్తే ఇబ్బంది పడతారు. మేకలు, కట్టెలు కొట్టేవాళ్ళు కొద్దికొద్దిగా తిరగడం వల్లే ఆ పొదలు మరీ కమ్ముకోకుండా, మధ్యలో ఖాళీలతో నిలిచాయని పరిశోధన చేసినవాళ్ళే రాశారు. ఎక్కువైతే చెడుపు, అస్సలు లేకపోయినా పొదలు మూసుకుపోతాయి. అంటే మీ నాయన నడిచిన దారులకు ఆ పిట్ట ఇంతో అంతో రుణపడి ఉంది. పరుగువాళ్ళకు అది వర్తించదు. వాళ్ళ కాళ్ళు కంప తినవు.

జీవాలోడి_కొడుకు

ఇది మా నాయనకు చదివి వినిపిస్తా. నవ్వుతాడు.

ఇద్దరుపిల్లల_అమ్మ

పిట్ట సంగతి మీరు చూసుకోండి, నాకు మనుషుల టెన్షన్. లంకమలలో ఎలుగులు ఉన్నాయి, చిరుతలు ఉన్నాయి. ఎలుగు ఎదురుగా హఠాత్తుగా మనిషి కనబడితే పారిపోదు, మీద పడుతుంది. చెవుల్లో పాటలు పెట్టుకుని మలుపు తిరిగేవాడికి ముందుగా ఏం వినబడుతుంది? అలిపిరి దారిలో 2023 ఆగస్టులో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. అది మెట్లు, దీపాలు, వేలాది జనం ఉన్న దారి. మీది మనిషి తిరగని దారి. ఒకరికి ఏదైనా అయితే మరునాడు జంతువును బోనులో పెట్టమని ధర్నా చేసేది కూడా మనమే.

పెన్నాగట్టు

పాయింటే. అన్నా, ఒంటిమిట్ట చెరువు కట్ట ఎందుకు చూడవు? పక్కన కొండలు, నీళ్ళు, కోదండరాముడి గుడి గోపురం. లేదంటే సిద్ధవటం కోట కింద పెన్నా ఒడ్డు. నీళ్ళు లేనప్పుడు ఇసుకలో పరిగెత్తితే పిక్కలకు మంచి పని.

కడప_పరుగు

కట్ట బాగుంటుంది కానీ చదును కదన్నా. ఎత్తుపల్లాలు, రాళ్ళు, మలుపులు లేకపోతే ట్రయిల్, అంటే అడవిదారి పరుగు, అనిపించదు. కర్ణాటకలో మల్నాడ్ అల్ట్రా అనే పరుగు పందెం కాఫీ తోటల్లో పెడతారు, అభయారణ్యంలో కాదు. మనకు కాఫీ తోటలు లేవు, ఉన్నవి మామిడి, నిమ్మ తోటలు. రైతుల్ని అడిగితే ఇస్తారేమో, ఇంతవరకు ఎవరినీ అడగలేదు.

సరే, మా వాట్సాప్ గుంపులో రాత్రి గొడవ పడి అర్జీ మార్చాం. అభయారణ్యం సరిహద్దుకు బయట, ఊరి నుంచి పెన్నా ఒడ్డు మీదుగా కట్ట దాకా అడుగుతాం. వెలుగు వచ్చాకే మొదలు, పొద్దుగూకకముందే ఆపడం. హెడ్‌ల్యాంపులు వద్దు, చెవుల్లో పాటలు వద్దు. మేం పోయిన దారిని యాప్‌లో అందరికీ కనబడేట్టు పెట్టం, ఎందుకంటే ఈరోజు ఇరవై మంది అనుకున్నది వచ్చే ఏడు రెండొందలు అవుతారు. లంకమల లోపలికి ఏడాదికి ఒక్కసారి, గార్డు వెంట, నడకే, అదీ ఆయన చూపిన దారిలోనే అని ఒక వాక్యం ఉంచాం. ఆ వాక్యం దగ్గరే మాలో ఎనిమిది మందికి కుదరలేదు.

కలివికంప

ఆ వాక్యం తీసేస్తే మొదటి సంతకం నాది. ఉంచితే నా పేరు వద్దు.

జీవాలోడి_కొడుకు

నడకకు గార్డు ఎందుకు, మా నాయనను తీసుకుపోండి. దారి ఆయనకే తెలుసు. కూలీ ఇవ్వండి, ఊరికే రాడు.