అప్‌డేట్: మా చెల్లెలు బీఎస్సీ అగ్రికల్చర్‌నే ఎంచుకుంది

ఇంటర్ బైపీసీ పూర్తిచేసిన మా చెల్లెలు నీట్ కోసం మరో ఏడాది ఆగాలా, బీఫార్మసీలో చేరాలా, లేక బీఎస్సీ అగ్రికల్చర్ తీసుకోవాలా అని మే నెలలో ఇక్కడ అడిగాను. కోర్సు పేరు చూసి కాక, ఎనిమిది సెమిస్టర్ల సిలబస్ చదివి, చివరి సంవత్సరం విద్యార్థులతో మాట్లాడాకే నిర్ణయించుకోమని మీలో చాలామంది చెప్పారు, అలాగే చేశాం.

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒక సీనియర్ విద్యార్థిని తాను సేకరించి, రెక్కలు విప్పి గుండుసూదులతో గుచ్చిన పురుగుల పెట్టె చూపించి, ఒక సెమిస్టర్ పాటు పల్లెలో రైతులతో కలిసి పనిచేయాలని వివరించినప్పుడు, అంతవరకు మౌనంగా ఉన్న మా చెల్లెలు వరుసగా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. నాకు అసలు సమాధానం అక్కడే దొరికింది.

నాన్నగారికి మాత్రం డాక్టర్ చదువు మీద ఆశ ఇంకా పోలేదు, అది సహజమే. అయినా ఎప్‌సెట్ ప్రవేశ పరీక్ష ర్యాంకుతో జరిగిన కౌన్సెలింగ్‌లో మొదటి ఐచ్ఛికంగా అగ్రికల్చర్ పెట్టేందుకు ఆయనే పక్కన కూర్చున్నారు. సీటు వచ్చింది, ఫీజు కట్టాం. ఓపికగా సమాధానాలు రాసిన మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.