చిన్న మహిళా సేవాసంస్థకు వ్యాపార రంగపు సలహాదారు అవసరమా?

ప్రశ్న: గృహహింస బాధిత మహిళలకు ఆశ్రయం, కౌన్సెలింగ్ అందించే చిన్న సంస్థను కొందరం కలిసి నడుపుతున్నాము. సాయం కోరి వచ్చేవారు పెరుగుతున్నారు గాని, మా ఆదాయంలో అధిక భాగం ఒకే దాత నుంచి వస్తున్నది. ఒక కంపెనీలో ఆర్థిక విభాగాన్ని చూసి పదవీ విరమణ చేసిన ఒకావిడ నెలకోసారి ఉచితంగా సలహాలు ఇస్తామంటున్నారు. ఆమెతో ఏ పని మొదలుపెట్టడం మంచిది?

సమాధానం: సేవ ఎలా చేయాలో ఆమెను అడగవద్దు, అది మీకే బాగా తెలుసు; ఆ సేవకు అసలు ఎంత ఖర్చవుతున్నదో తేల్చడానికి ఆమె సాయం తీసుకోండి. ఒక కౌన్సెలింగ్‌కు ఎంతవుతుందని అడిగితే మనం కౌన్సెలర్ రుసుము ఒక్కటే చెబుతాము. గది అద్దె, కరెంటు, ఫోను, లెక్కలు రాసేవారి జీతం, చెప్పిన వేళకు ఎవరూ రాక ఖాళీగా పోయిన గంటలు అందులో ఉండవు. గ్రాంటు (దాత ఇచ్చే ఆర్థిక సాయం) కోసం పెట్టే దరఖాస్తులోనూ ఆ తక్కువ మొత్తమే వేస్తాము కనుక, ప్రాజెక్టులు పెరిగినకొద్దీ లోటు కూడా పెరుగుతుంది.

తరువాత, రాబోయే 12 నెలల జమాఖర్చుల అంచనా నెలవారీగా వేయించండి. గ్రాంటు మంజూరైనా డబ్బు విడతలుగా, కొన్నిసార్లు ఖర్చు పెట్టి రసీదులు చూపాకే వస్తుంది. జీతాలు మాత్రం నెల తిరిగేసరికి ఇవ్వాలి. ఫలానా పనికే అని దాత షరతు పెట్టిన సొమ్ము బ్యాంకులో కనిపిస్తున్నా అద్దెకు వాడుకోలేము కాబట్టి, దానిని వేరే వరుసలో చూపాలి.

మరో సభ్యురాలు: పై సలహా సబబైనదే, కాని వ్యాపారపు కొలతలన్నీ ఇక్కడ పనికిరావు. ఇల్లు వదిలి వచ్చిన మహిళ తిరిగి వెళ్లి, మళ్లీ రావడం తరచుగా జరిగేదే. దానిని వైఫల్యంగా లెక్కిస్తే సిబ్బంది సులువైన కేసులనే ఎంచుకోవడం మొదలవుతుంది. ఆవిడకు లెక్కలు చూపండి, కేసు ఫైళ్లు వద్దు. బాధితుల పేర్లు, ఆశ్రయం చిరునామా ఆమెకు అక్కరలేదు. గోప్యత గురించి ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవడం మేలు.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలు. సంస్థలకు శిక్షణ ఇచ్చి రుసుము తీసుకోమని ఆవిడ ఇప్పటికే అన్నారు. ఒకే దాత మీద ఆధారపడటం దీనితో తగ్గుతుందా?

సమాధానం: కొంత తగ్గవచ్చు. రుసుము ఇచ్చేది శిక్షణ కోరే సంస్థ కావాలి గాని, ఆపదలో మీ దగ్గరికి వచ్చిన మహిళ కాకూడదు. ముందు ఒకటి రెండు శిక్షణలు ఇచ్చి, తయారీకి పట్టిన సమయాన్ని కూడా ఖర్చులో కలిపి, అది కౌన్సెలింగ్ గంటలను తినేస్తున్నదేమో చూడండి. సేవాసంస్థగా నమోదైన మీరు రుసుము ఎంతవరకు తీసుకోవచ్చో, పన్ను పడుతుందో లేదో ఆడిటరును అడగండి. సలహా ఆమెది, నిర్ణయం మీ కార్యవర్గానిది. చెక్కుల మీద సంతకం చేసే బాధ్యత ఆమెకు అప్పగించకండి. ఆరు నెలల గడువు పెట్టుకొని, అప్పుడు కొనసాగించాలో లేదో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.