సిరొంచ బడి బీరువాలో చీటీలు ఊడిన రాళ్లు, ఎముకలు: ఏం చేయాలి? పిల్లలను ఏ మ్యూజియానికి తీసుకెళ్లాలి?

ప్రాణహిత_పంతులు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ఒక ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లుగా విజ్ఞానశాస్త్రం చెబుతున్నాను. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీలో చదువుకుంటారు. వాగుల్లోనూ చేలల్లోనూ రోడ్డు పనికి తవ్విన గుంతల్లోనూ దొరికిన వింత రాళ్లను వాళ్లు తెచ్చి ఇస్తుంటే, ఒక పాత ఇనుప బీరువాలో దాచి, ఒక్కొక్కదాని కింద ఒక్కొక్క చీటీ పెడుతూ వచ్చాను. తెచ్చినవాళ్ల పేరు, ఊరు, దొరికిన చోటు, తేదీ ఆ చీటీ మీద ఉండేవి.

నిరుడు వేసవి సెలవుల్లో, నేను ఊళ్లో లేనప్పుడు, బడికి సున్నాలు వేయించారు. బీరువా జరపడం కోసం రాళ్లన్నింటినీ గోనెసంచిలోకి, చీటీలన్నింటినీ ఒక ప్లాస్టిక్ కవరులోకి ఎత్తారు. ఆ చేసినవాళ్లు చీటీలను పారేయకుండా ముడివేసి భద్రంగా దాచారు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు నా దగ్గర అరవై మూడు వస్తువులు, యాభై ఎనిమిది చీటీలు ఉన్నాయి. ఏది దేనిదో తెలియదు. రాయిగా మారిన కట్టె ముక్కలే ఎక్కువ. చేప పొలుసులు మెరుస్తున్న ఒక సున్నపురాయి పలక, ఎముకేమో అనిపించే బరువైన ముక్కలు నాలుగైదు, అడవిలో దొరికిందని ఒక పిల్లవాడు తెచ్చిన దుప్పి కొమ్ము కూడా ఉన్నాయి.

ఇక రెండో సంగతి. ఈ చలికాలం తొమ్మిదో తరగతి పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లాలి. మన ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన డైనోసార్లు హైదరాబాదులోనూ కలకత్తాలోనూ నిలబెట్టి ఉన్నాయని చెప్పగానే ఒక అమ్మాయి లేచి, "సార్, అవి అసలు ఎముకలేనా, సిమెంటు బొమ్మలా? అసలువే అయితే మన దగ్గర ఎందుకు లేవు?" అని అడిగింది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు చెప్పగలరని మనవి.

రాళ్లపిచ్చి_మంచిర్యాల:

పంతులుగారికి నమస్కారం. నేను నదికి ఇవతలి ఒడ్డువాడిని. బతుకుతెరువు వేరు, రాళ్ల మీద మోజు మాత్రం చిన్ననాటిది. ముందు ఆ అమ్మాయి ప్రశ్నకే వస్తాను.

మన లోయలో డైనోసార్లు దొరికిన శిలల పొరను భూవిజ్ఞానులు "కోటా ఫార్మేషన్" అంటారు. ఆ మాట వినగానే అందరూ రాజస్థాన్ కోటా అనుకుంటారు గాని, అది మీ సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే పల్లె పేరు. జురాసిక్ కాలపు, సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి శిలలవి. ఇక్కడ డైనోసార్ల కంటే ముందు పేరు తెచ్చుకున్నవి చేపలు. పలకపెంకుల్లా పేర్చినట్టుండే దళసరి, నిగనిగలాడే పొలుసుల చేపకు ఎగర్టన్ అనే ఆంగ్లేయుడు 1851లో "లెపిడోటస్ దక్కనెన్సిస్" అని పేరు పెట్టాడు. మీ బీరువాలోని పలక ఆ కోవదే కావచ్చు. దాన్ని నీళ్లతో రుద్ది కడగకండి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

ఇక కలకత్తాలోని భారతీయ సాంఖ్యక (గణాంక) సంస్థలో ఉన్నది బరపాసారస్ టాగొరై. ఆ సంస్థను నడిపిన మహలనోబిస్ పిలుపు మీద పమేలా రాబిన్‌సన్ అనే పురాజీవ శాస్త్రవేత్త 1957లో లండన్ నుంచి వచ్చి, ఆ సంస్థలో శిలాజాల పరిశోధనకు పునాది వేశారు. ఆ మరుసటి ఏడాది నుంచే మన లోయలోని పోచంపల్లి దగ్గర పెద్ద ఎముకలు బయటపడసాగాయి. చీరల పోచంపల్లి కాదండోయ్, అది నల్లగొండ వైపుది. చాలామంది అక్కడికి వెళ్లి వెతుకుతారు. తొడ ఎముక ఒక్కటే దాదాపు 1.7 మీటర్లు ఉంది, అంటే మీ తొమ్మిదో తరగతిలో పొడుగు పిల్లవాడిని పక్కన నిలబెట్టినా సమానంగానో కాస్త ఎక్కువగానో ఉంటుంది. "బర" అంటే పెద్ద, "పా" అంటే కాలు, రెండూ బెంగాలీ మాటలే. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో తవ్వకాలు జరుగుతుండటం వల్ల ఆయన పేరు కూడా చేరింది. శాస్త్రీయంగా నామకరణం జరిగింది మాత్రం 1975లో. కొట్టుకొచ్చిన చెట్ల మొద్దుల నడుమ, కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు చెల్లాచెదురుగా దొరికాయి.

హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్నది కోటసారస్ యామనపల్లియెన్సిస్. ఇందులో మీ కోట పేరు, మా తెలంగాణ యామనపల్లి పేరు రెండూ ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి.యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టారు. అక్కడ దొరికిన 840 ఎముకలు కనీసం పన్నెండు జంతువులవి.

అసలుదా, బొమ్మా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఒక జంతువు మొత్తం ఒకేచోట పడి ఉండి, దాన్ని ఎత్తి నిలబెట్టారని మనం అనుకుంటాం. ఈ రెండింటి విషయంలో అలా జరగలేదు. ఒకదాని కాలు, ఇంకొకదాని పక్కటెముక, మూడోదాని వెన్నుపూస కలిపి, దొరకని వాటిని తయారు చేసి నింపి ఒక ఆకారం కట్టారు. ముఖ్యంగా తల చూడమనండి. ఈ జాతి జంతువులకు పుర్రె చాలా పలుచన, మెడ నుంచి తొందరగా విడిపోతుంది. రెండింటికీ విడి పళ్లు కొన్ని దొరికాయి గాని పుర్రె దొరకలేదు. కాబట్టి ఆ పొడుగు మెడ చివర పిల్లలు చూసే ముఖం శిల్పి పనితనం. ఇది మోసం కాదు, ప్రపంచమంతటా చేసేదే. అయితే ఏది అసలు, ఏది అతుకు అన్నది మన మ్యూజియాలు పలక మీద రాయవు, అదే నాకు నచ్చని సంగతి. చేసిన భాగాలను కొంచెం వేరే రంగులో ఉంచితే ఆ అమ్మాయి నన్నూ మిమ్మల్నీ అడగనవసరమే ఉండేది కాదు. అప్పటిదాకా ఒక చిట్కా: అసలు ఎముక మీద సన్నని నెర్రెలు, మచ్చలు, ఒకచోట నలుపు ఒకచోట గోధుమరంగు కనిపిస్తాయి, పోత పోసినది ఒకే రంగులో నున్నగా ఉంటుంది.

మన దగ్గర ఎందుకు లేవంటే, బండలోంచి ఒక్క ఎముకను విడదీయడానికి సూదులు, జిగురు, ప్లాస్టరుతో నెలలు పడుతుంది, ఆ వసతి ఉన్న సంస్థలకే అవి వెళ్లాయి. దూరంగా ఉండటం నాకు పెద్ద బాధ కాదు. పెద్ద నగరంలో ఉన్నంత మాత్రాన భద్రమని కూడా అనుకోవద్దు. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం ఒక్క రాత్రిలో తగలబడిపోయింది.

విహారయాత్రకు నా సలహా: ముందు మీ తాలూకాలోనే ఉన్న వడధం శిలాజ పార్కులో రాయిగా మారిన చెట్ల మొద్దులు చూపించి, తర్వాత కాళేశ్వరం వంతెన మీదుగా హైదరాబాదు తీసుకెళ్లండి. కలకత్తాది పరిశోధన సంస్థ కాబట్టి, ఎప్పుడైనా వెళ్లదలిస్తే ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి.

అంకీసా_వాసి:

సార్, చీటీల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. రాళ్లను నేల మీద పరిచి, ఆ పిల్లలనే పిలవండి. ఇప్పుడు కాలేజీకి వెళ్లినవాళ్లను కూడా కబురు పెట్టి రప్పించండి. చిన్నప్పుడు వాగులో ఏరుకున్న రాయిని ఎవరూ మరిచిపోరు. నేను పదేళ్ల వయసులో దొరికించుకున్న ఒక రాతికట్టె ముక్కను తడిపితే దాని మీద చెట్టు వయసు గీతలు స్పష్టంగా కనిపించేవి, ఆరగానే మాయమయ్యేవి. ఆ రాయిని ఇప్పటికీ వందలో గుర్తుపడతాను. పిల్లలకు గుర్తుకు రానివాటికి అంటుకున్న మట్టిని గోకేయకండి. ఎర్ర బంకమన్నా, తెల్ల సున్నపురాయి పొడా, ఇసుకా అన్నది చూస్తే ఏ వైపు నుంచి వచ్చిందో కొంత ఊహించవచ్చు. అయితే ఊహను ఊహ అనే రాసుకోవాలి.

పిట్టలచూపు:

ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. శిలాజాల గురించి నాకు పెద్దగా తెలియదు, పక్షుల గురించి కొంత తెలుసు. చీటీ మీది ఊరి పేరు ఎంత విలువైనదో చెప్పడానికి మీ సిరొంచనే ఉదాహరణ.

కలివికోడి పేరు విని ఉంటారు. రాత్రిపూట తిరిగే చిన్న పక్షి, ఛాతీ మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడి ద్వారా 1848లో అది లోకానికి తెలిసింది. పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని చూసిన చోట్లు నెల్లూరు, కడప, అనంతపురం లాంటివి కొన్నే, అందులో గోదావరి లోయలోని భద్రాచలం, సిరొంచ కూడా ఉన్నాయి. సిరొంచ దగ్గర చూసినవాడు బ్లాన్‌ఫర్డ్, ఆయన వృత్తిరీత్యా భూవిజ్ఞాని. రాళ్ల కోసం వచ్చి పిట్టను రాసుకుపోయాడు! 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. పాత రికార్డుల్లోని ఊళ్ల పేర్లు పట్టుకుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు వెతుకుతూ ఉండగా, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవి దగ్గర ఐతన్న అనే వేటగాడు ఒక రాత్రి టార్చిలైటు వెలుగులో దాన్ని సజీవంగా పట్టుకున్నాడు. పుస్తకాల్లో పోయిన పక్షికి అక్కడివాళ్ల నోట తెలుగు పేరు అన్నాళ్లూ బతికే ఉంది.

దాని గుడ్డు కథ ఇంకా విచిత్రం. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు ఎన్నో దశాబ్దాలు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించినది అది. లోపలి పొర నుంచి తీసిన డీఎన్‌ఏను మ్యూజియంలోని కలివికోడి చర్మం డీఎన్‌ఏతో పోల్చి చూసి, అది కలివికోడి గుడ్డేనని 2013లో ప్రకటించారు. ఈ పక్షి గుడ్డుగా తెలిసినది అదొక్కటే. డీఎన్‌ఏ జాతిని చెప్పగలిగింది గాని, కోలార్ అన్న మాట కాగితం మీద లేకపోతే ఏ పరీక్షా దాన్ని చెప్పగలిగేది కాదు. పంతులుగారు, మీ యాభై ఎనిమిది చీటీలను రాళ్ల కంటే భద్రంగా దాచండి. ఒక్కటీ జత కుదరకపోయినా, ఏ ఊళ్లో ఏం దొరుకుతోందో చెప్పే జాబితాగా అవి పనికొస్తాయి.

రాళ్లపిచ్చి_మంచిర్యాల:

పిట్టలచూపు గారు, బ్లాన్‌ఫర్డ్ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది, చాలా సంతోషం.

పంతులుగారు, ఇందాక మరిచిపోయినవి రెండు. దుప్పి కొమ్మును బీరువాలో ఉంచవద్దు. వన్యప్రాణుల శరీర భాగాలను అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం 1972 చట్టం కింద చిక్కులు తెస్తుంది, పిల్లవాడి పేరు చీటీ మీద ఉంటే మరీను. రేంజి ఆఫీసుకు వెళ్లి చూపించి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

రెండోది, మళ్లీ ఇలా జరగకుండా నంబరును రాతి మీదే వేయాలి. ముఖ్యమైన భాగం కాని చోట చిన్న తెల్ల పెయింటు చుక్క పెట్టి, ఆరిన తర్వాత నల్ల సిరాతో నంబరు రాసి, దాని మీద రంగులేని నెయిల్ పాలిష్ పూయండి. అదే నంబరుతో ఒక రిజిస్టరు పెట్టి పెన్సిలుతో రాయండి, తడిసినా పెన్సిలు చెదరదు. ఇకముందు పిల్లలు ఎముకలాంటిది చూస్తే పెకలించకుండా, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి, ఆ చేను గట్ నంబరు అడిగి రాసుకొమ్మనండి. ఇవతల మేము సర్వే నంబరంటాం, మీ సాత్‌బారా అనే భూమి కాగితంలో గట్ నంబరే కదా ఉండేది.

ప్రాణహిత_పంతులు:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. అంకీసా_వాసి గారు చెప్పినట్టే నిన్న శనివారం మధ్యాహ్నం వరండాలో రాళ్లు పరిచాను. పాత విద్యార్థులతో కలిపి ఇరవై రెండు మంది వచ్చారు. సాయంత్రానికి ముప్పై నాలుగు చీటీలకు జతలు కుదిరాయి. రెండు రాళ్ల దగ్గర అన్నదమ్ములు పోట్లాడుకున్నారు, వాటిని సందేహం అని రాసి పక్కన పెట్టాను. చేప పలక తెచ్చిన పిల్లవాడు ఇప్పుడు ట్రాక్టరు నడుపుతున్నాడు. అతను పలకను తిప్పి, వెనక గునపం దిగిన గంటు చూపించి, అది తాను కొట్టిందేనని, బావి తవ్వుతుంటే ఏడో రోజున పడిందని చెప్పాడు. ఆ సంగతి నా చీటీ మీద లేదు, నిన్న కొత్తగా రాసుకున్నాను.

కొమ్మును సోమవారం రేంజి ఆఫీసుకు తీసుకెళ్తున్నాను. వడధం, ఆ తర్వాత హైదరాబాదు అని ప్రధానోపాధ్యాయులకు కాగితం పెట్టాను. ప్రశ్న అడిగిన అమ్మాయి మ్యూజియంలో ఏ ఎముక అసలుదో, ఏది చేసినదో తానే పట్టిక రాస్తానంటోంది. తల దగ్గర నుంచి మొదలుపెట్టమన్నాను.