ఇప్పటి ఎలక్ట్రిక్ గిటార్లు పాతబడితే విలువ పెరుగుతుందా?

ప్రశ్న: కొత్త లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్) కొని కేసులోనే దాచిపెడితే, ముప్పై ఏళ్లకు మంచి ధర పలుకుతుందా?

జవాబు 1: మామూలు ప్రొడక్షన్ మోడల్ మీద ఆశ పెట్టుకోకండి. 1958–60 సన్‌బర్స్ట్‌లు (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా రంగు వేసిన లెస్ పాల్‌లు) అప్పట్లో సరిగా అమ్ముడుపోలేదు. 1961లో గిబ్సన్ ఆకారమే మార్చేసింది, పాతది 1968లో గానీ మళ్లీ రాలేదు. ఈలోగా ఎరిక్ క్లాప్టన్ లాంటి గిటారిస్టులు వాయించేసరికి గిరాకీ పుట్టింది, సరుకేమో లేదు. ఇప్పుడు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్ల మీద వేలకొద్దీ వస్తున్నాయి, కొన్నవాళ్లూ భద్రంగా దాస్తున్నారు. ఇక కొరత ఎక్కడిది?

జవాబు 2: నిజమే. కొద్ది సంఖ్యలో చేసిన కస్టమ్ షాప్ (గిబ్సన్ ప్రత్యేక విభాగం) పీసులకే కాస్త అవకాశం. అవీ ఒరిజినల్‌గా ఉంటేనే! పికప్‌లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేవి), పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు) మారిస్తే తీసినవి పారేయొద్దు. పాట్ మీద 137తో మొదలయ్యే కోడ్ ఉంటే అది సీటీఎస్ అనే కంపెనీది. చివరి అంకెలు తయారైన ఏడాది, వారం చెబుతాయి. కొనేవాడు ముందు చూసేది అవే, తర్వాత టంకం కదిలిందా అని. రీఫినిష్ (పాత పూత తీసి మళ్లీ వేయించడం) జోలికి అసలు పోకండి.

జవాబు 3: నైట్రో ఫినిష్ (నైట్రోసెల్యులోజ్ పూత) అయితే రబ్బరు స్టాండ్ మీద పెట్టకండి, పూత మెత్తబడి అంటుకుపోతుంది. తేమ 45–55 శాతం ఉండాలి. యాక్టివ్ పికప్‌లుంటే 9 వోల్టుల బ్యాటరీ తీసేయండి, కారితే వైరింగ్ పాడవుతుంది.