సమస్యాపూరణం: “మూత తీయకున్న ముగిసె కాఫి”

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చాను, మిగతా మూడు మీవి. రోజూ ఆఫీసుకు వెళ్తూ ఇంటి కాఫీ వెంట తీసుకెళ్లేవాళ్ల సంగతి పద్యంలో ఉండాలి. మూత తీయలేదు, కాఫీ అయిపోయింది. ఎలా? యతి, అంటే పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలోని అక్షరంతో కుదరాల్సిన పోలిక, తప్పితే మొహమాటం లేకుండా చెబుతాను.

రైలుకిటికీ:

వాషరొకటి సడలె వంగిన సీసాకు
ఫైళ్లు తాగె కొంత, పర్సు కొంత
నాకు మిగిలెనింక నానిన సంచియే
మూత తీయకున్న ముగిసె కాఫి

గళ్ళచొక్కా: భలే! కానీ రెండో పాదంలో “ఫై”కీ “ప”కీ యతి చెల్లిందా?

నిర్వాహకుడు: చెల్లింది. ప, ఫ ఒకే వర్గం, అకారానికి ఐకారంతో మైత్రి ఉంది. “ఫైళ్లు తాగె కొంత, పర్సు కొంత” అన్న పాదం వచన కవి కూడా అసూయపడేలా ఉంది. ఒక్క మాట. వాషరు దానంతటది సడలడం తక్కువ. కడిగేటప్పుడు తీసి, తిరిగి పెట్టడం మరిచిపోవడమే ఎక్కువ. సలసల కాగే కాఫీ పోసి వెంటనే బిగించినా లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆ ఒత్తిడికి మూత సందుల్లోంచి కాఫీ బయటికి తన్నుకొస్తుంది. ఈ కారణాన్ని పద్యంలోకి లాగగలిగితే ఇంకో పూరణ పంపండి.

గళ్ళచొక్కా: నాదీ ఒకటి.

బస్సు కుదుపులోన పట్టితి కప్పును
చిన్ని కంత మీద చేర్చి పెదవి
గుక్కగుక్కగాను గొంతులో దిగిపోయె
మూత తీయకున్న ముగిసె కాఫి

ఆరోమెట్టు: ఇది పూరణా, ట్రావెల్ మగ్ ప్రకటనా?

గళ్ళచొక్కా: సమస్యలో విరోధం పోయిందా లేదా చెప్పండి, చాలు.

నిర్వాహకుడు: పోయింది, మెలిక లేకుండా హాయిగా పోయింది. “గుక్క–గొంతు” యతి సహజంగా కుదిరింది. అయితే తాగేవాడి తరఫున నాదొక ఫిర్యాదు. కాఫీ రుచిలో పెద్ద వాటా ముక్కుది. ఆ చిన్ని కంతలోంచి ఘుమఘుమ ఎంత పైకొస్తుంది? మూత మొత్తం తీసి తాగితే అదే కాఫీ వేరేలా అనిపిస్తుంది. కుదుపుల్లో ఒలక్కుండా ఉండటం కోసం సువాసనను వదులుకున్న బేరం ఇది. మూడో పాదం ఆ దిశగా తిప్పి ఉంటే పద్యానికి కొంచెం ఉప్పూ కారం పడేది.

ఆరోమెట్టు: నేను “ముగిసె” అన్నదాన్ని ఇంకోలా తీసుకున్నాను.

వేడి తగ్గలేదు, వేళయే మించెను
కమ్మదనము పోయె, కాచె చేదు
పేరు మిగిలె గాని పీల్చంగ ఘుమ లేదు
మూత తీయకున్న ముగిసె కాఫి

రైలుకిటికీ: ఆగండాగండి. మూత తీయకుండా ఎలా పీల్చారు?

ఆరోమెట్టు: దొరికిపోయాను. మూడో పాదం మార్చాను: “పేరు మిగిలె లోన, పిప్పియే రుచి యయ్యె”.

నిర్వాహకుడు: ఇప్పుడు నిలబడింది. “పిప్పి” కాఫీకి సరిగ్గా అతికిన మాట. నాకు ఈ పూరణలో నచ్చింది మొదటి పాదం. ఫ్లాస్కు కాపాడేది వేడినే, రుచిని కాదు. అసలు 1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త రెండు గోడల మధ్య శూన్యం పెట్టి ఆ పాత్రను చేసింది ద్రవరూపంలోకి తెచ్చిన వాయువులను చల్లగా ఉంచడానికి, కాఫీ ఊసే లేదు. గంటల తరబడి వేడిగా ఉంచిన కాఫీలో క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోతూ క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. పులుపు, చేదు కలిసిన ఆ మొరటు రుచికి అదొక కారణం. అందుకే పొద్దున్న పట్టుకెళ్లింది దారిలోనే తాగేయాలి, మధ్యాహ్నానికి దాచకూడదు. పోసే ముందు ఫ్లాస్కులో మరిగే నీళ్లు కాసేపు ఉంచి పారబోస్తే చల్లటి గోడలు కాఫీ వేడిని లాగేసుకోవు. సగం ఖాళీగా తీసుకెళ్లినా త్వరగా చల్లారుతుంది.

కొత్తపెన్ను: మొదటిసారి రాస్తున్నానండీ, తిట్టకండి.

ఇల్లు దాటినాను, ఇంకేమి చెప్పను
బల్ల పైన ఫ్లాస్కు మిగిలె నేడు
వెనుదిరిగితినేని వెళ్ళిపోవును బస్సు
మూత తీయకున్న ముగిసె కాఫి

నిర్వాహకుడు: తిట్టడమెందుకు, ఆలోచన చాలా బాగుంది! ఆ పూటకి కాఫీ కథ ముగిసిందన్నమాట. గణాలన్నీ సరిపోయాయి. రెండు చోట్లే పని ఉంది. “దాటినాను, ఇంకేమి” దగ్గర ఉత్తుకు, అంటే పదం చివరి ఉకారానికి, అచ్చు పరమైంది, సంధి నిత్యం, విడిగా ఉంచకూడదు. కామా పెట్టినంత మాత్రాన సంధి ఆగదు. రెండో పాదంలో “బ”కు “మి”తో యతి లేదు. ఇలా చూడండి:

ఇల్లు దాటినాక యెరుకకు వచ్చెను
బల్ల పైన ఫ్లాస్కు పడక వేసె

కొత్తపెన్ను: పడక వేసింది! నాకు తట్టలేదు. “ఫ్లా” ముందున్న “న” గురువు కాదా?

నిర్వాహకుడు: వేరు వేరు పదాలు కాబట్టి లఘువుగానే తీసుకోవచ్చు. సమాసమైతే లెక్క వేరు.

రైలుకిటికీ: నాది రెండోది, కాస్త కొంటెగా.

కునుకు వచ్చె నాకు కూర్చున్న చోటనే
పక్క మిత్రుడంత పట్టి తాగె
దిగెడి చోటు దాక దిటవుగా కనురెప్ప
మూత తీయకున్న ముగిసె కాఫి

ఆరోమెట్టు: కనురెప్ప మూత! పాదం దాటించి అతికించారు. మూత ఫ్లాస్కుదే అనుకుంటూ మేమంతా కూర్చున్నాం.

గళ్ళచొక్కా: మిత్రుడు ఫ్లాస్కు మూత తీశాడుగా, విరోధం పోయినట్టేనా?

రైలుకిటికీ: నేను తీయలేదు కదండీ!

నిర్వాహకుడు: పోయినట్టే. “దిటవుగా” కొంచెం పాతమాట, కానీ నిద్ర గాఢత తెలుస్తోంది. ఈ వారం నా ఓటు దీనికే. ఆరోమెట్టు గారిది సవరించాక రెండోది. అది తొలిసారే మూడో పాదం సరిగ్గా వచ్చి ఉంటే తేల్చుకోవడం కష్టమయ్యేది.

ఆరోమెట్టు: ఒప్పుకోను. పదం విరిచి గెలవడం సులువు, భావంతో గెలవడం కష్టం.

నిర్వాహకుడు: ఆ వాదన వచ్చే వారానికి ఉంచండి. పాలు కలిపిన కాఫీని గోరువెచ్చగా గంటలకొద్దీ మోసుకెళ్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకు కొత్త సమస్య, మళ్లీ ఆటవెలదే: “పాలు విరిగిపోయె, పండె కాఫి”.