లినక్స్ మింట్‌లో లిబ్రే ఆఫీస్ రైటర్ మెనూ అక్షరాలు మాత్రమే పెద్దవి చేయడం ఎలా?

మా నాయన చిత్తూరు కలెక్టరేట్ దగ్గర అర్జీలు టైపు చేస్తారు. పాత ల్యాప్‌టాప్, 1366×768 స్క్రీన్. అందులో విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ మింట్ (సినమన్ రకం) ఎక్కించి, లిబ్రే ఆఫీస్ మెనూలు తెలుగులో పెట్టాను. ఆయన టైపు చేసేది అందులోని రైటర్‌లో. సమస్య ఆ మెనూలతోనే. ఇంగ్లిష్ అయితే 10 పాయింట్లలోనూ ఎలాగోలా చదవొచ్చు. మనకు కింద వత్తు, పైన గుడి రెండూ ఆ కాస్త ఎత్తులోనే ఇరుక్కోవాలి. ప్రింట్ ఎక్కడుందో వెతకడానికి ఆయన కళ్లజోడు పైకెత్తి స్క్రీన్‌కు ముక్కు ఆనిస్తున్నారు. సోమవారమైతే అర్జీల రోజు, జనం నిలబడి ఉంటారు, ఇక టెన్షనే.

కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పమని మాత్రం చెప్పకండి. దాంతో పేజీ పెద్దదవుతుంది, మెనూ అలాగే ఉంటుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ స్కేలింగ్ 1.3 చేశాను. మెనూలు బాగానే కనిపించాయి కానీ మిగతా ప్రోగ్రాములూ ఉబ్బిపోయి, కొన్ని విండోల్లో 'సరే' బటన్ స్క్రీన్ కిందికి జారిపోయింది.

టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండో) అక్షరాల సైజు మార్చే జీడీకే డీపీఐ స్కేల్ (GDK_DPI_SCALE) అనే వేరియబుల్‌ను 1.3గా పెట్టి రైటర్ తెరిస్తే కావలసినట్టే వచ్చింది, రైటర్ ఒక్కటే పెద్దది. కానీ నాయన టెర్మినల్ జోలికి పోరు. ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తారు, మళ్లీ పాత సైజే.

ఆ వేరియబుల్‌ను రైటర్ డెస్క్‌టాప్ ఫైలులో (ప్రోగ్రామును ఎలా తెరవాలో చెప్పే ఫైలు) తెరిచే కమాండ్ ఉండే ఎగ్జెక్ (Exec) లైన్‌లో రాయాలా? అసలు ఫైలు మార్చకుండా హోమ్ ఫోల్డర్‌లో కాపీ పెట్టుకుంటే సరిపోతుందా? అప్‌డేట్ వస్తే పోకూడదు. ముందే కాల్క్ (లిబ్రే ఆఫీస్ లెక్కల ప్రోగ్రాము) తెరిచి ఉంటే రైటర్ కూడా అదే ప్రాసెస్‌లో తెరుచుకుంటుంది కదా, అప్పుడెలా?